పక్కగది – తొమ్మిదో భాగం: కొస ముడి

గత వారం ఈ కథను విడిచిన చోట నేను సిద్దిపేటలో, రాజమల్లయ్య సార్ ఇంటి గేటు గడియ మీద చెయ్యి వేసి, దాన్ని తియ్యలేక నిలబడి ఉన్నాను. గడియ చిన్నది. దాన్ని తీశాక చెప్పవలసిన మాట పెద్దది. ఆ మాటను నాలో నేను మరొక్కసారి చెప్పుకుంటే తప్ప లోపలికి పోలేననిపించింది.

సేతు అనేది అగ్గిపెట్టె అంత కార్డు. పాత యంత్రాలను కొత్త కంప్యూటర్లకు కలుపుతుంది. దవాఖానల్లో రక్తం పరీక్షించే యంత్రాల వెనుక, శీతల గిడ్డంగుల్లో, మిల్లుల్లో అది ఎవరి కంటా పడకుండా పనిచేస్తుంది. ఆ కార్డు చెప్పే మాటను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ ఒకటుంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్పులు రాసి పంపవచ్చు; ఆరేళ్లుగా దాని బాగోగులు చూసే బాధ్యత నాది. దానికి జీతం లేదు. నేనే అడిగి తీసుకున్నాను.

పదకొండు రోజుల క్రితం బెంగళూరు నుంచి రాకేష్ అనే ఆయన నాకొక్కదానికే మెయిల్ రాశాడు. కార్డు పంపే సందేశం కోసం డ్రైవర్‌లో అరవై నాలుగు అక్షరాలు పట్టే గది ఉంది. సందేశం అంతకన్నా పొడవైతే ఆపే కాపలా లేదు. ఎక్కువైన అక్షరాలు పోయి పక్కగదిలో పడతాయి. కంప్యూటరు ఎవరి ఆజ్ఞ వినాలో రాసి ఉండేది ఆ పక్కగదిలోనే. అబద్ధమాడే కార్డు ఒకటి తయారుచేసి గుచ్చితే చాలు, కంప్యూటరు ఇక గుచ్చినవాడిది. రాకేష్ లోపాన్ని చూపి ఊరుకోలేదు. సవరణ కూడా తానే రాసి పంపాడు. పరీక్షించుకొమ్మని ఒక కార్డును పార్సిల్ చేశాడు. ఈ రోజే, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, ఆ సవరణ నా డిజిటల్ ముద్రతో లోకమంతటా ఒకేసారి వెలువడాలి. అందాకా, దాన్ని విడుదల చేసే భద్రతా బృందానికి తప్ప బయట ఎవరికీ ఒక్క ముక్క చెప్పకూడదు.

మాలో ఒక ఆచారం ఉంది. ప్రతి సవరణ కింద, ఆ తప్పు ఏ పాత మార్పుతో వచ్చిందో, ఆ మార్పు ఎవరిదో ఒక పంక్తిలో రాయాలి. అది నింద కాదు, చరిత్ర అంటారు మావాళ్లు. నేను వెతికాను. పద్నాలుగేళ్ల నాటి మార్పు. రాసినవారు వేముల రాజమల్లయ్య, సిద్దిపేట. పాలిటెక్నిక్‌లో నాకు ఎలక్ట్రానిక్స్ నేర్పినవారు. ఆ పంక్తిని నేను పదకొండు రోజులుగా ఖాళీగా ఉంచాను.

"ఏందే దీక్షితా, గేటు కాడ దొంగ లెక్క నిలవడ్డవ్? లోపటికి రా!"

కిటికీలోంచి పిలిచింది సార్ భార్య స్వరాజ్యలక్ష్మి గారు. గడియ తీశాను. అప్పటికి మూడుంబావు అయింది.

ఆ ఇంటి ముందు హాలులో సగం మగ్గానిది. నేతపని చేసే ఇస్తారి దాని ముందు కూర్చుని గొల్లభామ చీర నేస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన అక్కడే నేస్తున్నాడు. మగ్గం మీద సార్ స్వయంగా అమర్చిన రేకు పెట్టె ఉంటుంది. ఏ వరుసలో ఏ పోగులు లేవాలో చెప్పే సేతు కార్డు ఆ పెట్టెలోనే ఉంది. చీర అంచు మీద, తలపై ఒక కుండ, చేతిలో ఒక కుండ పట్టుకున్న గొల్లభామలు ఒకరి వెనుక ఒకరు నడుస్తున్నారు.

ఎదుటి గోడ మీద ఒక ఫ్రేము. అందులో ఉన్నది దేవుడి పటం కాదు, ఏడు పంక్తుల ప్రోగ్రాము అచ్చు వేసిన కాగితం. కింద సార్ పేరు. పంతొమ్మిదేళ్ల వయసులో నేను ఆ ఫ్రేము ముందు నిలబడి, ఇలాంటిది ఒక్కటి నా పేరుతో ఉంటే చాలు అనుకున్నాను. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఆ ఏడు పంక్తులు. లోపం కూడా ఆ ఏడు పంక్తులే.

"రా బిడ్డా, కూసో," అన్నారు సార్. "మొఖం గట్ల గుంజుకపోయిందేంది? పానం మంచిగ లేదా?"

"సార్, మీకొక మాట చెప్పాలె. ఎవరికీ చెప్పొద్దని రూలున్నది. అయినా చెప్పాలె."

"చెప్పొద్దన్నది చెప్తున్నవంటే నా గురించే అయ్యుంటది. చెప్పు."

కాగితం మీద చదివితేనే ఆయనకు తృప్తి. అందుకని రాకేష్ రాసిన సవరణను అచ్చు వేసి తెచ్చాను. దాన్ని ఆయన ముందు పెట్టి, గోడ మీది ఫ్రేము వైపు చూడకుండా, గది గురించీ కాపలా గురించీ పక్కగది గురించీ చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. చెప్పడం పూర్తయ్యేసరికి మగ్గం చప్పుడు ఆగి ఉంది. ఇస్తారి వింటున్నాడు.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

"చెయ్యి కోసం తీసిన," అన్నారు చివరకు.

"ఏ చెయ్యి సార్?"

జవాబు ఇస్తారి చెప్పాడు. "గొల్లభామ చెయ్యమ్మా! నీకెర్క లేదా? ఈ పెట్టె కొత్తగ పెట్టినప్పుడు ఏ చీర నేసినా మణికట్టు కాడికి చెయ్యి తెగుడే. చెయ్యి లేదు, కుండ లేదు. మా ఇంటామె జూసి 'ఏ మొగోడు నరికిండయ్యా పాపం' అన్నది. సారు రెండు దినాలు తిండి లేక కూసున్నడు. మూడోనాడు చెయ్యొచ్చింది."

"వరుసకు డెబ్బై రెండు అక్షరాలు గావాలె," అన్నారు సార్, నా వైపు కాక మగ్గం వైపు చూస్తూ. "రాసినోళ్ళు అరవై నాలుగు కాడ కాపలా పెట్టిన్రు. ఆఖరి ఎనిమిదే చెయ్యి. కాపలా తీసేసిన. చెయ్యి వచ్చింది. గది గుడ పెద్దగ చెయ్యాలన్న సోయి రాలే. పక్కగది గప్పుడు ఖాళీ, బిడ్డా. ఖాళీ జాగల నాలుగు పోగులు వడితే ఎవరికేం నష్టమనుకున్న."

ఆ ఖాళీ గదిలోకి నాలుగేళ్ల తరువాత ఎవరో మరొకరు తమ సామాను తెచ్చి పెట్టారు. వారిదీ తప్పు కాదు. చేసిన పని తప్పో ఒప్పో చేసిన రోజునే తేలిపోతుందని నేను ఇంతకాలం నమ్మాను. ఈ పని నాలుగేళ్లు మంచిపనిగానే ఉంది. పక్కన ఎవరో వచ్చి చేరినందుకు, దానిలో ఒక్క అక్షరం కూడా మారకుండానే, తప్పు అయింది.

"సార్, ఆ పంక్తి ఖాళీగనే పంపుత," అన్నాను. "ఎవరు తవ్వి చూస్తరు? మీ పేరు బయటికి రాదు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"మంచిగున్నది. మెచ్చుకున్ననాడు పేరు ఫ్రేము కట్టిచ్చుకున్న. తప్పని తేలినంక దాసుకోవాల్నా? పేరు నాది. తీస్తందుకు నువ్వెవరు?"

"మిమ్ములను కాపాడదామని..."

"నన్నా? నీకు సదువు చెప్పినోడు తప్పు జేసిండంటే నీకు నామోషి. గదీ ముచ్చట."

అది అబద్ధమని అనబోయి, నాలో వెతికితే, అబద్ధమని చెప్పగల చోటు కనిపించలేదు. పదకొండు రోజులు నేను భక్తి అనుకున్నదానిలో ఎంత భాగం నా గురించిన భయమో నాకు తెలియదు.

స్వరాజ్యలక్ష్మి గారు చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టారు. "ఆయన మాటలు పట్టించుకోకే. తప్పు జేసినోళ్ళకే గొంతు పెద్దగుంటది. చాయ్ తాగు."

ఇస్తారి నవ్వాడు. సార్ కూడా కొంచెం నవ్వారు. ఆ నవ్వులోనే, మామూలు మాట అన్నట్టు, అన్నారు: "అయినా గిది దాస్తే దాగేదా? శైలేందర్ గుడ గా ఏడు పంక్తుల గురించే అడిగె."

గ్లాసు నా పెదవుల దగ్గర ఆగింది.

"ఏ శైలేందర్ సార్?"

"మన జగదేవ్‌పూర్ పిలగాడు. ఎనిమిది నెలల కింద మెయిల్ రాసిండు. 'సార్, మాది జగదేవ్‌పూర్, ప్రాజెక్టు జేస్తున్న, కాపలా ఎందుకు తీసిన్రో జర చెప్పున్రి' అని. రిటైరైనంక నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి వాడే బిడ్డా. చెప్పిన. ఇరవై మూడు మెయిళ్ళు. చేతుల పట్టుకొని జేస్తే మంచిగ సమజైతదని నా పాత కార్డు గుడ పార్సిల్ జేసిన."

"ఆయనను ఎన్నడన్న చూసిన్రా?"

"చూసుడెందుకు? భాష మనదే గదా."

ఎనిమిది నెలలు. రాకేష్ నాకు రాసి పదకొండు రోజులు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు మనుషులు ఒకే పంక్తి దగ్గర ఆగడం అసాధ్యమేమీ కాదు. అలా నమ్మడానికి గట్టిగా ప్రయత్నించాను. కానీ నా చెయ్యి నాకన్నా ముందే సంచిలోకి పోయింది. రాకేష్ పంపిన కార్డును తీసి బల్ల మీద పెట్టాను.

సార్ దాన్ని వెనక్కి తిప్పారు. 'పరీక్ష కోసం' అని రాసిన తెల్ల చీటీ అంటించి ఉంది. ఆయన ఆ చీటీ అంచును గోటితో గీకి, మెల్లగా ఒలిచారు.

చీటీ కింద, పచ్చటి పలక మీద, సూదితో గీసిన ఒక అక్షరం. 'రా'.

ల్యాబులో సామాను పోతోందని ఆయన ప్రతి వస్తువు మీదా సూదితో ఆ అక్షరం గీసేవారు. మల్టీమీటర్ల మీద, స్టూళ్ల కాళ్ల మీద. సార్ పెన్ను పోతే దాని మీద కూడా 'రా' ఉంటుందని మా బ్యాచి నవ్వుకునేది.

"గిది నేను పంపిన కార్డే," అన్నారు సార్. "నీ తానికెట్ల వచ్చింది?"

"రాకేష్ పంపిండు సార్. లోపం చెప్పినాయన."

రాకేష్, శైలేందర్. పేర్లు రెండు, కార్డు ఒకటి.

"దీన్ని నీ కంప్యూటర్‌కు గుచ్చినవా?"

"నిన్న పొద్దున."

"సవరణ పెట్టినంకనా, పెట్టకముందా?"

అది అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడం ఇష్టం లేక నేను కార్డు వైపే చూశాను. లోపం నిజమో కాదో తెలియాలంటే, లోపం ఉన్న డ్రైవర్‌కే ముందు కార్డును గుచ్చాలి. అదే మా పద్ధతి. అదే చేశాను. నా ల్యాప్‌టాప్‌లో నా ముద్ర ఉంది. ఒక లేఖ నేను రాసిందేనని బృందానికి నమ్మకం కలిగించే సంకేతం అది. వేలిముద్రను దొంగిలించలేరు. ఈ ముద్ర ఒక చిన్న ఫైలు మాత్రమే.

"పెట్టకముందు," అన్నాను.

సంచిలో ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసి, దాన్ని తెరవకుండా, ఒక పరాయి వస్తువును పెట్టినట్టు గోడ పక్కన పెట్టాను. నిన్నటి నుంచి అది ఎవరి మాట వింటున్నదో నాకు తెలియదు.

సార్ లేచి పెన్సిల్ తెచ్చుకున్నారు. "గా మనిషి ఇచ్చిన కార్డు గిట్లున్నది. గా మనిషి రాసిన సవరణ ఎట్లున్నదో చూద్దాం. చదువు. ఒక్కో పంక్తి."

పన్నెండు పంక్తులు. తరగతి గదిలో చదివించినట్టే చదివించారు, ప్రతి పంక్తి తరువాత ఆపి, 'అంటే ఏంది?' అని అడుగుతూ. గది అరవై నాలుగు నుంచి డెబ్బై రెండుకు పెరిగింది. సరే. కాపలా తిరిగి వచ్చింది. సరే. గొల్లభామ చేతికీ ప్రమాదం లేదు. ఇస్తారి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తొమ్మిదో పంక్తి దగ్గర పెన్సిల్ ఆగింది. వెనక్కి, ఐదో పంక్తికి పోయింది. మళ్లీ తొమ్మిదికి వచ్చింది.

"ఐదో పంక్తిల కార్డును అడిగిండు, నీ సందేశమెంత పొడవని. డెబ్బై రెండన్నది. కాపలా సరే అన్నది. తొమ్మిదో పంక్తిల, సందేశాన్ని గదిల పోసేటప్పుడు, మల్లా అడిగిండు. ఎందుకు?"

"అదే సంఖ్య గదా సార్."

"అదేనని ఎవరు చెప్పిన్రు?"

నాకు ఇంకా అర్థం కాలేదు. ఇస్తారి మగ్గం మీది నుంచి ఒక పోగుల కుచ్చును తీసి నా ముఖం ముందు పట్టుకున్నాడు. దాని చివర ఒక ముడి ఉంది.

"సారు మాకు గిదే చెప్పి మీకు చెప్పలేదా ఏంది? గాదు గాదు, మేమే సారుకు చెప్పినం. చూడమ్మా, పోగులు లెక్కవెట్టుడైనంక చేతులకెల్లి ఇడువకముందే కొస ముడి ఏస్తం. ముడెయ్యక కింద పెట్టి, చాయ్ తాగొచ్చి మల్లా తీస్తివనుకో, గా కుచ్చు నువ్వు లెక్కవెట్టిందేనని గ్యారంటీ ఏంది? ఇంట్ల పిల్లి ఒక్కటున్నా సాలు."

అప్పుడు కనిపించింది.

మొదటిసారి డెబ్బై రెండు అని, రెండోసారి ఏడు వందలు అని చెప్పే కార్డు. కాపలా చూసింది ఒక సంఖ్యను. లోపలికి పోయింది మరొక సంఖ్య. రాకేష్ పంపిన కార్డు నా పరీక్షలో రెండుసార్లూ ఒకే సంఖ్య చెప్పింది కనుక సవరణ పరీక్ష నెగ్గింది. ఆరు గంటలకు దవాఖానలూ గిడ్డంగులూ పాత లోపం పోయిందని నమ్మి, ఈ కొత్త లోపాన్ని తమ చేతులతో తామే అమర్చుకుంటాయి. నా ముద్రను చూసి నమ్ముతాయి. ఇక దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ వెతకరు. అప్పుడే బాగుచేసిన చోట ఎవరు వెతుకుతారు?

"నేను చూడలే సార్," అన్నాను.

"ఎన్నిసార్లు చదివినవ్?"

"రెండుసార్లు."

ఒక పేరు రాయాలా వద్దా అని పదకొండు రోజులు ఆలోచించాను. పన్నెండు పంక్తులు చదవడానికి పదకొండు నిమిషాలు కూడా ఇవ్వలేదు. నేను బాధపడుతున్నాను గనుక బాధ్యతగా ఉన్నానని అనుకున్నాను. బాధపడటం ఒక పని, చూడటం మరొక పని. మొదటిది చేస్తూ రెండోది చేశానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ మనిషికి డ్రైవర్‌లోని లోపం మాత్రమే తెలుసో, నాలోని ఈ లోపం కూడా తెలుసో.

గోడ గడియారం నాలుగూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

ల్యాప్‌టాప్‌ను ముట్టుకోలేను. ఫోను తీశాను. ఫోనులో నా ముద్ర లేదు. బృందానికి ఆరేళ్లలో ముద్ర లేని లేఖ నేను ఒక్కటి కూడా పంపలేదు. అయినా ముద్ర లేకుండానే రాశాను.

'విడుదల ఆపండి. రాకేష్ రాసిన సవరణలో రెండో లోపం ఉంది. ఐదో పంక్తిలో తెలుసుకున్న పొడవును తొమ్మిదో పంక్తిలో కార్డును మళ్లీ అడుగుతున్నది. ఆయన పంపిన కార్డును నా ల్యాప్‌టాప్‌కు గుచ్చాను. నా ముద్ర పరుల చేతికి పోయి ఉండవచ్చు. పాత తప్పు రాజమల్లయ్య గారి మార్పుతో వచ్చింది. ఈ కొత్త తప్పును చూడకుండా అంగీకరించింది నేను.'

"నా పేరు రాసినవా?" అన్నారు సార్.

"రాసిన."

"దాని కింద నీ పేరు?"

"రాసిన సార్."

ఆయన తల ఊపారు. చదువుకునే రోజుల్లో లెక్క సరిగ్గా వస్తే అలాగే ఊపేవారు. అంతకు మించి మెచ్చుకోలు ఉండేది కాదు. పంపాను. నాలుగూ నలభై మూడు.

స్వరాజ్యలక్ష్మి గారు చల్లారిన చాయ్ గ్లాసులను లోపలికి తీసుకుపోయారు. ఇస్తారి మగ్గం ముందు కూర్చున్నాడు గాని నెయ్యడం లేదు. సార్ గోడ దగ్గరికి పోయి, ఫ్రేములోని ఏడు పంక్తులను, ఎన్నడూ చదవనట్టు, దగ్గరగా నిలబడి చదువుతున్నారు. సందేహం ఉంటే ఆపడమే బృందం నియమం. ఆపుతారు. తప్పక ఆపుతారు. ఆ మాటను లోలోపల ఎన్నిసార్లు అనుకున్నానో.

నాలుగూ నలభై తొమ్మిదికి ఫోను మోగింది. బృందం పెద్ద నుంచి జవాబు.

'గంట క్రితం దీక్షిత ముద్రతో మాకొక లేఖ వచ్చింది. లోపం బయటికి పొక్కే ప్రమాదం ఉంది గనుక, సవరణను ఆరుకు కాక ఐదు గంటలకే విడుదల చేయమని అందులో ఉంది. చివర ఇలా ఉంది: "నా ఫోను పోయింది. దాని నుంచి, నా పేరుతో, ముద్ర లేకుండా, విడుదల ఆపమని లేఖ రావచ్చు. అందులో సాంకేతిక కారణం కూడా చూపవచ్చు. దయచేసి నమ్మకండి." మేము దీక్షిత ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. ఆమె గొంతు వినలేదు. ఆరేళ్లుగా మాకు తెలిసిన దీక్షిత ఆ ముద్ర ఒక్కటే. మీరు ఎవరు?'

రెండుసార్లు చదివాను. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా చదివాను.

సార్ ఫ్రేము దగ్గర నుంచి వెనక్కి తిరిగారు. "ఏమన్నరు బిడ్డా? ఆపుతరటనా?"

గడియారంలో పెద్దముల్లు పది మీదికి వచ్చింది.

"నేనెవరని అడుగుతున్నరు సార్."